కంటికి తెలియని నీళ్లు

పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లను గ్లాసులో పోసి వెలుతురుకు పట్టి చూస్తే అద్దంలా మెరుస్తాయి. పూడిక తీసిన చెరువును ఒడ్డున నిలబడి చూస్తే మోకాలి లోతే అనిపిస్తుంది. విరేచనాలైన పిల్లాడికి లీటరుకు కలపాల్సిన ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం గ్లాసు నీళ్లలో కలిపి ఇచ్చినా అది మందులాగే కనిపిస్తుంది. మూడు చోట్లా కన్ను మోసపోతుంది. నల్గొండ నుంచి నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ దాకా పిల్లల విషయంలో నీళ్లతో వచ్చే చిక్కు ఇదే: చూస్తే తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది.

బోరు నీళ్ల లెక్క

ఇది గ్రానైటు నేల. రాతిలో ఉన్న ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి నీళ్లలోకి కరుగుతూ వస్తుంది. నీళ్లలో కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్నచోట ఇంకా ఎక్కువగా కరుగుతుంది. కాల్షియం తక్కువంటే సబ్బు బాగా నురగొచ్చే నీళ్లు, పప్పు తొందరగా ఉడికే నీళ్లు అన్నమాట. "మా బోరు నీళ్లు మంచియి, పప్పు ఇట్టే ఉడుకుతది" అనే ధీమాకు అందుకే విలువ లేదు. ఆ మంచి నీళ్లే ముందు పరీక్ష చేయించాల్సినవి.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత కూడా 1.5 దగ్గరే ఉంది. పిల్లల ఒళ్లు చిన్నది కాబట్టి వాళ్లకు లీటరు లెక్క కన్నా రోజు లెక్క ముఖ్యం. అమెరికా పోషకాహార ప్రమాణాల్లో 1 నుంచి 3 ఏళ్ల వాళ్లకు రోజుకు 1.3 మిల్లీగ్రాములు, 4 నుంచి 8 ఏళ్ల వాళ్లకు 2.2 మిల్లీగ్రాములు పైహద్దు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు ఒక్క లీటరు తాగితే ఆరేళ్ల పిల్ల ఆ హద్దు దాటిపోయినట్టే. మే నెలలో ఏ పిల్లా లీటరుతో ఆగదు. పైగా అన్నం ఆ నీళ్లను పీల్చుకునే ఉడుకుతుంది, పప్పు, చారు అవే నీళ్లు. తేయాకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి బోరు నీళ్లతో పెట్టిన చాయ్ రెండింతల బరువు. ఐదేళ్ల పిల్లలకు పొద్దున్నే చాయ్‌లో బిస్కెట్లు ముంచి పెట్టే అలవాటు ఈ లెక్కలోకి రాకుండా పోతుంది.

కృష్ణా నీళ్లు ఇంటింటికీ వచ్చాక పరిస్థితి మారిన మాట నిజం. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ లేచింది, 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో అది మొదలైంది. నది నీళ్లలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. కానీ నల్లా వచ్చిందని బోర్లు మూతపడలేదు. పైపు పగిలి రెండు రోజులు నీళ్లు రాకపోతే బిందె మళ్లీ బోరు కిందికే పోతుంది. పొలం దగ్గర మోటారు పోస్తుంటే పిల్లలు దోసిళ్లు పట్టి తాగేది ఆ నీళ్లే. ఇటుక బట్టీల్లో, పెళ్లి వంటల్లో, కొన్ని హాస్టళ్ల వంటశాలల్లో వాడేదీ అదే. ఇంట్లో నల్లా ఉంటే సరిపోదు. పిల్లలు రోజంతా ఎక్కడెక్కడ నీళ్లు తాగుతున్నారో ఒకసారి లెక్కేసుకోవాలి.

పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు. జిల్లా కేంద్రంలో తాగునీటి విభాగం ల్యాబు ఉంటుంది, గ్రామ పంచాయతీ కార్యదర్శిని అడిగితే దారి చెబుతారు. నీళ్లు తీసేటప్పుడు మోటారు నాలుగైదు నిమిషాలు నడిచాక తీయాలి. గాజు సీసా వద్దు, శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి నింపాలి. సీసా మీద బోరు ఎవరిదో, ఏ తేదీన తీశారో రాయాలి. వానాకాలం ముందొకసారి, తర్వాత ఒకసారి చేయిస్తే తేడా తెలుస్తుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది. ఫిల్టరు అమ్మడానికొచ్చినాయన పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపిస్తాడు. ఆ అంకె నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చెబుతుంది, ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. టీడీఎస్ తక్కువున్న నీళ్లలోనూ ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. క్యాండిల్ ఫిల్టరుకూ, యూవీ దీపానికీ అది చిక్కదు. ఫ్లోరైడ్‌ను పట్టేవి ఆర్‌ఓ పొర, యాక్టివేటెడ్ అల్యూమినా అనే గుళికలు. ఆర్‌ఓ యంత్రం పక్క గొట్టం నుంచి వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. ఆ నీళ్లు బండలు కడగడానికి సరే. కూర వండటానికీ, బర్రె గోలెంలో పోయడానికీ కాదు.

పటిక సంగతి కూడా చెప్పుకోవాలి. నల్గొండ జిల్లా పేరుతోనే ప్రపంచమంతా తెలిసిన 'నల్గొండ టెక్నిక్' ఉంది. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన ఆ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కొలత ప్రకారం కలిపి, తిప్పి, తేరనిచ్చి వడకడతారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో, క్షారగుణం ఎంతుందో తెలిస్తేనే పటిక ఎంత వేయాలో తేలుతుంది. బిందెలో పటిక గడ్డను నాలుగు చుట్లు తిప్పి తీసేస్తే మట్టి తేరుతుంది, అంతే.

పళ్లు, మోకాళ్లు

పళ్ల మీది గోధుమ రంగు చారలను గార అనుకుని బొగ్గుతో, ఉప్పుతో, ఇటుక పొడితో తోమించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ రంగు పైన అంటుకున్నది కాదు, పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే పంటి గట్టి పైపొర ఎనామిల్‌లో పడిన లోపం. తోమితే ఎనామిల్ అరిగిపోతుంది, చార ఉంటుంది. దీన్నుంచే ఇంకో ముఖ్యమైన విషయం తెలుస్తుంది. శాశ్వత పళ్ల ఎనామిల్ దాదాపు ఎనిమిదేళ్ల లోపే రూపం తీసుకుంటుంది, ముందు పళ్లకైతే మొదటి మూడేళ్లే కీలకం. బడికి పోయే వయసొచ్చాక జాగ్రత్త మొదలుపెడితే ముందు పళ్ల వరకు ఆలస్యమైనట్టే. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా స్వల్పం, తల్లి బోరు నీళ్లు తాగుతున్నా సరే. అదే డబ్బా పాలు, ఉగ్గు బోరు నీళ్లతో కలిపితే మొత్తం ఫ్లోరైడ్ బిడ్డ కడుపులోకే. ఇంటికి ఒక్క క్యాను నీళ్లే కొనే స్తోమత ఉంటే మొదటి వాటా మూడేళ్ల లోపు పిల్లల తాగుడుకూ వంటకూ, రెండో వాటా గర్భిణికి. మిగతావాళ్లు తర్వాత.

టూత్‌పేస్ట్ కూడా కొలిచేదే. వెయ్యి పీపీఎం పేస్టులో గ్రాముకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటుంది. టీవీ ప్రకటనలో చూపినట్టు బ్రష్ నిండా పరిస్తే దాదాపు గ్రాము. చిన్నపిల్లలు దాన్ని ఉమ్మరు, మింగుతారు. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు, పక్కన నిలబడి ఉమ్మించాలి. బోరు నీళ్లే తాగే ఇంట్లో చిన్నవాళ్లకు ఫ్లోరైడ్ లేని పేస్టు వాడాలో లేదో పళ్ల డాక్టరును అడగడం మంచిది.

కాళ్ల విషయంలో కంగారు, నిర్లక్ష్యం రెండూ కనిపిస్తాయి. మూడు, నాలుగేళ్ల వయసులో మోకాళ్లు కొంచెం తాకుతూ నడవడం మామూలే, ఏడేళ్లకల్లా చాలామందిలో సర్దుకుంటుంది. ఏడు దాటాక కొలవాలి: పిల్లను నిలబెట్టి, మోకాళ్లు ఒకదానికొకటి ఆనేలా పెట్టి, రెండు చీలమండల లోపలి ఎముకల మధ్య టేపు పట్టండి. ఎడం 8 సెంటీమీటర్లు దాటినా, ఆర్నెల్లలో పెరిగినా, ఒక కాలే వంగినా ఎముకల డాక్టరుకు చూపించాలి. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఈ మోకాళ్ల వంకరను, దాంతో పాటు ఎముకలు గుల్లబారడాన్ని 1973లోనే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నమోదు చేశారు. కాల్షియం అందని ఒంట్లో ఫ్లోరైడ్ చేసే నష్టం ఎక్కువ. అయితే విటమిన్ డి లోపంతోనూ కాళ్లు వంగుతాయి, దానికి మందుంది. "ఇది ఫ్లోరైడే, చేసేదేం లేదు" అని వదిలేసిన పిల్లల్లో నయమయ్యే వాళ్లూ ఉండొచ్చు.

తిండితో ఫ్లోరైడ్‌ను ఆపలేం, దెబ్బ తగ్గించొచ్చు. పాలు, పెరుగు, నువ్వులు, వంద గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైగా కాల్షియం ఇచ్చే రాగులు, ఉసిరి, జామ. చింతపండు తిన్న బడి పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని అదే సంస్థ వాళ్లు 2002లో ప్రచురించారు. చింతపులుసు మన ఇళ్లలో కొత్తదేమీ కాదు. దాన్ని బోరు నీళ్లతో కాస్తే మాత్రం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే.

పొట్లం, లీటరు

ఒంటిపూట బడులు మార్చి మధ్యలో మొదలవుతాయి. పొద్దున 8కి మొదలై పన్నెండున్నరకు వదులుతారు. బడి ఎండను తప్పించుకుంది గానీ పిల్లలు ఇంటికి నడిచేది సరిగ్గా ఎండ నెత్తి మీదున్నప్పుడే. సీసాలో సగం నీళ్లు బడి వదిలేదాకా మిగలాలని చెప్పి పంపాలి, తలకు టోపీ గానీ తువ్వాల గానీ ఉండాలి. పన్నెండు నుంచి నాలుగు దాకా క్రికెట్ వద్దని చెబితే పదిహేనేళ్ల కుర్రాళ్లు వినరు. ఆరున్నరకే గ్రౌండుకు పంపడం వాళ్లతో వాదించడం కన్నా తేలిక. ఆడుతూ ఆడుతూ మాట తడబడినా, తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బే. చెమట ఇంకా పడుతోందని నమ్మి కూర్చోవద్దు. నీడలోకి తెచ్చి, చొక్కా తీసేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి, 108కి ఫోన్ చేయాలి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. స్పృహ సరిగా లేని పిల్లల నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఎండాకాలం చివర, తొలకరి మొదట్లో వాంతులు, విరేచనాలు వస్తాయి. ఓఆర్‌ఎస్ గురించి అందరికీ తెలుసు, కలపడం మాత్రం తప్పుతారు. పెద్ద పొట్లం 20.5 గ్రాములు: గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. ఇది సరిగ్గా ఒక లీటరు నీళ్లకు. గ్లాసు నీళ్లలో పావు పొట్లం వేస్తే అంచనా తప్పుతుంది, మొత్తం వేస్తే ద్రావణం ఐదింతలు చిక్కబడి పేగుల్లోకి ఒంట్లో నీటినే లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి, రక్తంలో సోడియం పెరుగుతుంది. కాబట్టి లీటరు నీళ్ల సీసా తీసుకుని, పొట్లం మొత్తం ఒకేసారి కలిపి, 24 గంటలు దాటాక మిగిలింది పారబోయాలి. 200 మిల్లీలీటర్లకు కలిపే చిన్న పొట్లాలూ ఉంటాయి. ఏది చేతికొచ్చిందో పొట్లం మీద చదివాకే చించాలి.

రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు దాటితే 100 నుంచి 200, పదేళ్లు దాటితే తాగినంత. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. గ్లాసుతో గటగటా తాగిస్తే మళ్లీ వాంతే. జింకు మాత్ర 14 రోజులు: ఆర్నెల్లు దాటిన వాళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్లకు 10. మూడో రోజుకు విరేచనాలు కట్టాయని ఆపేస్తుంటారు, అది మళ్లీ రాకుండా కాసేది మిగతా రోజులే. పొట్లం దొరకని రాత్రి లీటరు నీళ్లలో తలగొట్టిన ఆరు చెంచాల చక్కెర, తలగొట్టిన అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా.

దుకాణాల్లో ఓఆర్‌ఎస్ అని పెద్దక్షరాలతో అమ్మిన పళ్లరసం డబ్బాలు వేరే సరుకు. వాటిలో చక్కెర మందు పొట్లం కన్నా చాలా ఎక్కువ, ఉప్పు తక్కువ. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ పానీయాల పేర్లలో ఆ మాట వాడొద్దని ఆదేశించింది. పేరు మారినా డబ్బాలో ఉన్నది మారలేదు. విరేచనాలైన పిల్లలకు అది ఇవ్వకూడదు.

ఆరు గంటలుగా మూత్రం పోకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, పొట్ట మీది చర్మం గిల్లి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, మత్తుగా పడుకుని లేవకపోయినా ఇంట్లో చెంచాలు లెక్కపెట్టే సమయం దాటిపోయినట్టే. ఆసుపత్రికి పోవాలి.

బాయి, చెరువు, కాలువ

సెలవుల్లో పిల్లలు మునిగి చనిపోయే ఘటనల్లో ఒకే నమూనా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒకరు జారుతారు, పట్టుకోబోయి రెండోవారు, ఆ రెండోవారి కోసం మూడోవారు. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు కలిసి పోవడం ఈతరాక మాత్రమే కాదు, మునుగుతున్న మనిషి చేతికి దొరికినదాన్ని కిందికి తొక్కి పైకి రావాలని చూస్తాడు. ఈతొచ్చిన వాడూ ఆ పట్టులో మునుగుతాడు. అందుకే పిల్లలకు ముందు నేర్పాల్సింది దూకకుండా కాపాడటం. ఒడ్డున బోర్లా పడుకుని కర్ర అందించడం, లేకపోతే ఏదైనా విసరడం. చీర ఐదున్నర మీటర్లుంటుంది, మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల క్యాను ఒక మనిషిని తేల్చగలదు. బావి దగ్గర మోటారు గదిలో పది పన్నెండు మీటర్ల తాడూ ఒక క్యానూ కట్టి వేలాడదీయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఏ పొలానికైనా అది ఉండాల్సిందే. బావిలోకి ఎవరు దిగాలన్నా ముందు మోటారు స్టార్టరు ఆపేయాలి. తీగ చితికిన మోటారు వల్ల నీళ్లలోనే కరెంటు ఉండొచ్చు. పాడుబడ్డ బావిలోకి బంతి కోసం అసలే దిగకూడదు, అడుగున గాలి ఆడక రెండు నిమిషాల్లో స్పృహ తప్పుతుంది.

చెరువుల సంగతి ఈ పదేళ్లలో మారింది. పూడిక తీసి నల్లమట్టి పొలాలకు తోలడం మంచి పనే. కానీ జేసీబీ తవ్విన చోట ఏటవాలు ఉండదు, అడుగు మోకాలి లోతులో ఉండి తర్వాతి అడుగు రెండు నిలువుల్లోకి పోతుంది. "నా చిన్నప్పుడు ఈ రేవులోనే ఈదాను" అనే తండ్రికి తెలిసిన చెరువు ఇది కాదు. నీళ్లు ఎండిన ఏప్రిల్, మే నెలల్లో పిల్లలను వెంట తీసుకెళ్లి ఆ గుంతలు ఎక్కడున్నాయో చూపించొచ్చు. క్వారీ గుంతలకు కూడా ఇదే వర్తిస్తుంది, వాటి గోడలు నిట్టనిలువు, ఎక్కడానికి పట్టుండదు.

సాగర్ ఎడమ కాలువ, మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువ, జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలు వేరే రకం ప్రమాదం. సిమెంటు లైనింగు మీద పాచి పడితే నిలబడ్డ కాలు నిలవదు, పడ్డాక గోడ పట్టు దొరకదు, ప్రవాహం లాగేస్తుంది. బట్టలుతకడం, స్నానం మెట్లున్నచోటే. తూములు, నీళ్లు కిందికి దూకే చోట్ల దగ్గరికి ఈతగాళ్లు కూడా పోకూడదు, పైన చదునుగా కనిపించినా కింద సుడి ఉంటుంది. నడుముకు నూనె డబ్బా కట్టి ఈత నేర్పడం పాత పద్ధతి. మూత వదులైతే డబ్బాలోకి నీళ్లు పోతాయి, తాడు కడుపు మీదికి జారితే తల కిందికవుతుంది. డబ్బా ఉన్నా పెద్దవాళ్లు చెయ్యి అందేంత దూరంలో ఉండాల్సిందే.

నడక నేర్చిన పిల్లలకు చెరువక్కర్లేదు. బకెట్లో రెండు అంగుళాల నీళ్లు చాలు. తల బరువు వల్ల గోలెంలోకి తొంగి చూసి పడితే తిరిగి లేవలేరు, అరుపు కూడా వినబడదు. బకెట్లు బోర్లించడం, సంపు మూతకు గొళ్లెం.

పిల్లలు బోరుబావుల్లో పడకుండా 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. పని చేస్తున్న బోరు కేసింగు (బోరులో దింపిన గొట్టం) చుట్టూ అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు సిమెంటు గద్దె, నేలకు 30 సెంటీమీటర్లు పైన, 30 కింద. కేసింగుకు ఇనుప మూత వెల్డింగు చేయాలి లేదా బోల్టులతో బిగించాలి. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లు, డ్రిల్లింగులో వచ్చిన పొడితో నింపాలి. గోనె సంచి కుక్కి, బండరాయి పెట్టి వచ్చేయడం మూత కాదు. సంచి ఒక వానాకాలంలో కుళ్లిపోతుంది, రాయిని ఇంకెవరో పొయ్యికి తీసుకెళ్తారు.

నీళ్లలోంచి తీసిన పిల్లలను తలకిందులుగా పట్టి తిప్పడం, పొట్ట నొక్కడం, ఉప్పు కుప్పలో పూడ్చడం ఇప్పటికీ జరుగుతోంది. ఇవన్నీ ఊపిరి అందాల్సిన నిమిషాలను తినేస్తాయి, పొట్ట నొక్కితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆగి నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు ఊదాలి, ఊదినప్పుడల్లా ఛాతీ లేవాలి. కదలిక లేకపోతే ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 చొప్పున 30 సార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం, 108 వచ్చేదాకా ఆపకుండా. పొలాల్లో బండి దారి వెతుక్కోవడానికే సమయం పోతుంది కాబట్టి ఒకరిని రోడ్డెక్కించి నిలబెట్టాలి, ఫోన్లో సర్వే నంబరు కాదు, దగ్గరున్న గుడి, సబ్‌స్టేషన్, కాలువ వంతెన పేరు చెప్పాలి. పిల్ల దగ్గి, ఏడ్చి, లేచి కూర్చున్నా సరే, ఇంటికి తీసుకెళ్లకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ల ఆయాసం కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. కనీసం ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆసుపత్రిలో, ఆక్సిజన్ కొలిచే క్లిప్పు వేలికి పెట్టి ఉంచాలి.